రెండో చెయ్యి

సింధూరి చిటికెన వేలి వాపు మూడో రోజుకి కూడా పూర్తిగా తగ్గలేదు. ఊదారంగు పోయింది గానీ, దారం దిగిన చోట ఎర్రటి గీత అలాగే ఉంది. ఝాన్సీలక్ష్మి కూతుర్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టుకుని మందు రాస్తోంది. పక్కనే బట్టలు సర్దిన బ్యాగు ఉంది. జిప్పు ఇంకా వెయ్యలేదు.

అత్తగారు భాగ్యవతి మాటిమాటికీ ఆ బ్యాగు కేసే చూస్తోంది.

"పదకొండింటికి డాక్టరు రమ్మన్నారు," అంది ఝాన్సీ, ఎవరి మొహమూ చూడకుండా. "అదయ్యాక నేనూ పాపా అట్నుంచి అటే గరివిడి, మా పుట్టింటికి వెళ్ళిపోతాం. స్కూల్లో వారం సెలవు చెప్పాను. నా ఆఫీసుకీ సెలవు పెట్టాను."

"ఎవర్నడిగి సర్దావు?" అన్నాడు భర్త ఆనంద్‌కుమార్.

"మీ నాన్నగారు పాప వేళ్ళకి దారం కట్టినప్పుడు నన్నడిగారా?"

ఆనంద్ పక్కగది తలుపు కేసి చూశాడు. అతనికి ముప్ఫై తొమ్మిదేళ్ళు. బయట పదిమందిలో బాగానే మాట్లాడతాడు. తండ్రి పక్కగదిలో ఉన్నాడంటే చాలు, అంత మనిషికీ మాట గొంతు దాటి రాదు. పక్కగదిలో నగరేశ్వరరావు ఉన్నాడు. ఉండటమేమిటి, అంతా విన్నాడు కూడాను.

"నేను కట్టలేదంటే కట్టలేదు!" అంటూ చొక్కా గుండీలు పెట్టుకుంటూనే బయటికొచ్చాడు. "ఎన్నిసార్లు సెప్పాలి? దుకాణంలో తక్కెడ ముట్టుకుని సెప్పినాను. మూడు తరాల తక్కెడది. దానిమీద సెయ్యేసి అబద్ధమాడే బతుకేటి నాది?"

"మీరే కదా మావయ్యా అన్నారు? ఆదివారం అందరి ముందూ అన్నారు. 'ఈ ఎడం సెయ్యి కట్టేస్తే గాని దీనికి బుద్ధి రాదు' అని."

"అన్నాను. అంటే సేసినట్టేనేటి? కోపంలో సవాలక్ష అంటాం."

"అన్న మర్నాడే పాప వేళ్ళకి మన కొట్టు దారం చుట్టి ఉంది. సాయంత్రం కాఫీకి ఇంటికొచ్చింది మీరే. అత్తయ్య వంటింట్లో ఉన్నారు. మరెవరొచ్చి కట్టారు, గాలొచ్చి కట్టిందా?"

వంటింటి గుమ్మంలో నిలబడ్డ భాగ్యవతి చేతిలో ఉప్మా పళ్ళెం ఉంది. పెద్దాయన దాన్ని చూశాడు, మొహం తిప్పుకున్నాడు. మూడు రోజులుగా ఇంట్లో మెతుకు ముట్టలేదాయన. దుకాణం ఎదుట హోటల్లో ఇడ్లీలు తిని రోజు వెళ్ళదీస్తున్నాడు. షుగరు ఉన్న మనిషి.

ఇంత రగడా ఒక పొట్లం గురించి. నమ్మేటట్టు ఉందా? కానీ ఆ ఇంట్లో పొట్లమంటే ఆషామాషీ కాదు. శ్రీకాకుళంలో వాళ్ళది పాత పసారీ కొట్టు. సొంఠి, పిప్పళ్ళు, వస, వాము, పూజకి కావలసిన పసుపూ కుంకాలూ, అన్నీ కాగితంలో పోసి, దారం చుట్టి, ముడేసి ఇస్తారు. ఆ ఇంటి పిల్లలకి తొమ్మిదో ఏడు వచ్చాక శ్రావణమాసంలో ఒక శుక్రవారం నాడు కొట్లో కూర్చోబెట్టి పసుపు పొట్లం కట్టిస్తారు. దాన్ని బోణీ పొట్లం అంటారు. మొదటి బేరానికి వచ్చిన మనిషి చేతిలో ఆ బిడ్డే పెట్టాలి. నగరేశ్వరరావు కట్టాడు, ఆయన తండ్రి కట్టాడు, ఆనంద్ కట్టాడు. మొగపిల్లలే కట్టాలన్న పట్టింపు పెద్దాయనకి లేదు. నా మనవరాలు కడతాదని ఊరంతా చెప్పుకున్నాడు.

ఆ శుక్రవారం రేపే. సింధూరికి పొట్లం రాదు.

కుడిచేత్తో దారం తిప్పుతుంటే, కాగితాన్ని కదలకుండా పట్టుకోవలసిన ఎడంచేతి వేళ్ళు కూడా వాటంతటవే తిరుగుతాయి. కాగితం విచ్చుకుంటుంది. పసుపంతా ఒళ్ళో పడుతుంది. ఆదివారం మూడుసార్లు అలాగే అయ్యింది. నాలుగోసారి తాత మనవరాలి చేతిలోంచి కాగితం లాక్కున్నాడు.

"ఒకటి సెప్తాను ఇనుకో," అన్నాడాయన కోడలితో, చెప్పులు వేసుకుంటూ. "మా వంశంలో ఇలాంటి సేతులు లేవు. మా ఇంట్లో పుట్టినోడెవుడూ పొట్లం ఒలకబొయ్యలేదు. ఇది మీ గరివిడి సరుకు. మీ తమ్ముడున్నాడు కదా, వెంకటసాయి. ఇంటరు ఎన్నిసార్లు తప్పినాడు? మూడా, నాలుగా? ఆ డాక్టరమ్మకి ఆ సంగతి సెప్పండి ముందు."

ఝాన్సీ మొహం పాలిపోయింది. ఆ మాట ఆమెకి కొత్త కాదు. సింధూరి ఒకటో తరగతి నోటుపుస్తకం ఖాళీగా ఇంటికొచ్చిన రోజు మొదలు నాలుగేళ్ళుగా వింటోంది. నీళ్ళసీసా పారేసుకుంటే గరివిడి. గుమ్మం తగిలి పడితే గరివిడి. అన్నం ఒలికితే గరివిడి. ఇదివరకు ఏడ్చేది. ఇప్పుడు ఏడవటం లేదు, బ్యాగు సర్దుకుంది. అదే భాగ్యవతిని భయపెడుతున్న సంగతి.

ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు. స్కూటరు చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.

తక్కెడ ముట్టుకుని ఆయన చెప్పింది నిజమే. ఆ సంగతి ఆ ఇంట్లో కచ్చితంగా తెలిసినవాళ్ళు ఇద్దరున్నారని భాగ్యవతి లెక్క. ఒకరు తొమ్మిదేళ్ళ సింధూరి. రెండోవారు తను.

ఆ దారం కట్టింది భాగ్యవతే.

* * *

"కదలకుండా కూకో తల్లీ. జడ వంకరపోతన్నాది."

"మామ్మా, నేను చెప్పలేదు," అంది సింధూరి గుసగుసగా. పెరటి అరుగు మీద మామ్మ ముందు కూర్చుని, ఒక కాలు ఊపుతూ, మరో కాలితో చీమల బారుని చెదరగొడుతోంది. "అమ్మ అడిగింది. నాన్న అడిగారు. స్కూల్లో మిస్సు కూడా అడిగింది. నేను చెప్పలేదు."

భాగ్యవతి దువ్వెన పక్కన పెట్టి పిల్ల చిటికెన వేలు చూసింది.

సోమవారం సాయంత్రం పిల్లని కూర్చోబెట్టి, ఎడంచేతి నాలుగు వేళ్ళూ కలిపి కొట్టు దారం చుట్టింది. వేళ్ళు విడివిడిగా ఆడకపోతే అరచెయ్యి మొత్తం బల్లచెక్కలా కాగితాన్ని నొక్కి పెడుతుంది. కుడిచెయ్యి దారం తిప్పుకుంటుంది. పొట్లం కుదురుతుంది. తాత దగ్గర మాట పడకుండా గట్టెక్కుతుంది. అంతే ఆమె అనుకున్నది. మనవరాలి మీద ప్రేమ లేక చేసిన పని కాదు. ప్రేమకొద్దీ చేసిందే, ఏం లాభం?

"యేళ్ళు కదపకు, దారం తియ్యకు, నేనొచ్చీదాకా అలగే ఉండు," అంది. అనేసరికి పక్కింటి కూర్మమ్మ పిలిచింది. కూతురి సీమంతం కబుర్లు. పది నిమిషాలనుకున్నది ముప్పావుగంట అయ్యింది.

జన్మకి రెండు నిమిషాలు ఒకచోట నిలవని పిల్ల, ఆ ముప్పావుగంటా కదలకుండా కూర్చుంది. మామ్మ చెప్పిందని. తిరిగొచ్చేసరికి చిటికెన వేలు వంకాయ రంగులో ఉంది. భాగ్యవతి కత్తెర తెచ్చి దారం కోసేటప్పుడు తొందరలో పిల్లకి మరో గాటు పడింది. "ఎవులికీ సెప్పకు తల్లీ," అంది. ఝాన్సీ ఆఫీసు నుంచి వచ్చి చూసి కేకలేస్తే, "నేను వంటింట్లో ఉన్నానమ్మా, సూళ్ళేదు," అని కూడా అంది.

అది అబద్ధం. ఆ అబద్ధాన్ని నమ్మే కోడలు మామగారి మీద పడింది.

"అమ్మ గరివిడి వెళ్ళిపోతే నేనూ వెళ్ళాలా మామ్మా?"

"నీకు ఎల్లాలనున్నాదేటి?"

"సాయి మావయ్య దగ్గర బాగుంటుంది. కానీ నువ్వుండవు కదా." సింధూరి కుడిచేత్తో జడ రిబ్బను చివర పట్టుకుని వేలికి చుట్టుకుంటోంది. ఒళ్ళో ఊరికే ఉన్న ఎడంచేతి వేలు కూడా గాలిలో అలాగే చుట్టుకుంటోంది. పిల్లకి ఆ ధ్యాసే లేదు. "తాత దారం కట్టలేదని నేను చెప్పేస్తే తాత అన్నం తింటారా?"

భాగ్యవతి జడ చివర ముడేసి, మనవరాలి తల దగ్గరికి లాక్కుంది. ఇప్పుడే చెప్పేస్తే? కోడలి ముందుకెళ్ళి, నేనేనమ్మా అంటే? అంటే అక్కడితో ఆగదు. ఎందుకు కట్టారంటుంది. ఇలా కడితే కుదురుతుందని మీకెలా తెలుసు అంటుంది. అప్పుడు రెండో సంగతి కూడా చెప్పాలి. ముప్ఫై ఏళ్ళుగా కడుపులో పెట్టుకున్న సంగతి అది.

"అత్తయ్యా, ఆటో వచ్చింది," అని లోపల్నుంచి ఝాన్సీ కేకేసింది.

* * *

డాక్టర్ రేఖ పిల్లల నరాల వైద్యురాలు. విశాఖపట్నం నుంచి గురువారం గురువారం వచ్చి చూస్తుంది. స్కూల్లో టీచరు నెల్లాళ్ళుగా చెప్పగా చెప్పగా, ఝాన్సీ ఫోన్లు చేయగా చేయగా దొరికిన సమయం ఇది. భాగ్యవతిని ఎవరూ రమ్మనలేదు. ఝాన్సీ బ్యాగు పక్కనే ఆటోలో ఎక్కి కూర్చుంది, దిగమని ఎవరూ అనలేదు.

గదిలోకి వెళ్ళగానే సింధూరి నాలుగు ప్రశ్నలు వేసింది. ఆ ఫ్యాను ఎందుకు చప్పుడు చేస్తోంది, ఆ బొమ్మకి కన్నెందుకు లేదు, మీరు రైల్లో వచ్చారా బస్సులోనా, సూది వేస్తారా. డాక్టరు నవ్వి నాలుగింటికీ జవాబు చెప్పింది. సూది వెయ్యనంది. దానితో పిల్ల బల్ల మీదికెక్కి కూర్చుంది.

"నేను చేసినట్టు చెయ్యి. కుడిచెయ్యి బొటనవేలికి చూపుడువేలు తాకించు. గబగబా. ఎడంచెయ్యి ఒళ్ళో పెట్టుకో, దానికి సెలవు."

సింధూరి మొదలెట్టింది. నాలుక పళ్ళ మధ్య బిగించి, కళ్ళు పెద్దవి చేసుకుని మరీ తాకిస్తోంది. ఒళ్ళో సెలవులో ఉండాల్సిన ఎడంచేతి వేళ్ళు కూడా టకటకా తాకడం మొదలుపెట్టాయి.

ఝాన్సీ ముందుకి వంగింది. డాక్టరు కాగితం మీద ఏదో రాసుకుంది.

తరవాత అరచెయ్యి తొడమీద అట్టు తిరగేసినట్టు ఇటూ అటూ తిప్పమంది. మూడుసార్లు తిరిగాక చెయ్యి దారి తప్పింది, మోచెయ్యి రెక్కలా లేచింది. ఒంటికాలి మీద నిలబడమంటే అయిదు లెక్కపెట్టేలోపే రెండో కాలు కిందపడింది. పాదాల అంచుల మీద నడవమంటే, నడుస్తున్నది కాళ్ళయినా చేతులు రెండూ కొంకర్లు పోయినట్టు వంగిపోయాయి.

"భలే నడిచావు," అంది డాక్టరు. "బయట సిస్టరక్క దగ్గర రంగుపెన్సిళ్ళున్నాయి. నాకో బొమ్మ వేసిపెడతావా?"

పిల్ల తుర్రుమంది. వెళ్తూ వెళ్తూ తలుపు రెక్కకి భుజం తగిలించుకునే వెళ్ళింది.

"భయపడకండి," అంది డాక్టరు. "మెదడు ఒక చేతికి పని చెప్పినప్పుడు రెండో చేతిని ఊరుకోమని కూడా చెప్పాలి. ఆ ఊరుకోమని చెప్పడం సింధూరికి ఇంకా పూర్తిగా రాలేదు. చిన్నపిల్లల్లో ఇది మామూలే. ఎనిమిదీ తొమ్మిదేళ్ళకి చాలామందిలో తగ్గిపోతుంది. దృష్టి నిలవని పిల్లల్లో కొందరికి ఆలస్యంగా తగ్గుతుంది. అలాగని ఈ చేతుల్ని చూసే జబ్బు పేరు పెట్టెయ్యను. టీచరు ఒక ఫారం నింపాలి, మీరొకటి నింపాలి, ఇంకా రెండుసార్లు రావాలి. కానీ ఒకటి మాత్రం ఇప్పుడే చెప్తాను. ఇది పొగరు కాదు, బద్ధకం కాదు. తిడితే పోదు."

ఝాన్సీ కళ్ళు తుడుచుకుంది. నాలుగేళ్ళలో ఆ మాట చెప్పిన మొదటి మనిషి ఈవిడే.

"మరి మందులూ..." అన్నాడు ఆనంద్.

"ఇప్పుడే కాదు. ముందు ఇంటి సంగతి చెప్పండి. మీ రెండు కుటుంబాల్లో చిన్నప్పుడు ఇలా ఎవరికైనా ఉండేదా? ధ్యాస నిలవకపోవడం, చేతుల్లోంచి వస్తువులు జారిపోవడం?"

"మా వైపండి," అంది ఝాన్సీ వెంటనే. పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "మా తమ్ముడు. ఇంటరు మూడుసార్లు తప్పాడు. మా వైపు నుంచే వచ్చి ఉంటుంది."

భాగ్యవతి కోడలి మొహంలోకి చూసింది. మామగారి నోటి మాట అది. కోడలు దాన్ని నమ్మేసింది. ఇన్నాళ్ళూ ఊరికే పడుతోందనుకుంది గానీ, లోపల్లోపల నిజమేననుకుని కుమిలిపోతోందని భాగ్యవతికి ఆ క్షణం దాకా తెలియదు.

"పరీక్ష తప్పడానికి సవాలక్ష కారణాలుంటాయమ్మా. చిన్నప్పుడు మీ తమ్ముడి చేతులు ఇలా ఉండేవా?"

ఝాన్సీ ఆలోచించింది. "లేదండి. వాడు చిన్నప్పుడే రేడియోలు విప్పి బిగించేవాడు. ఇప్పుడు వెల్డింగు పని చేస్తాడు. చెయ్యి వణకదని అందరూ వాణ్ణే పిలుస్తారు."

"మరి మీ వైపు?" అని డాక్టరు ఆనంద్ కేసి తిరిగింది.

"మా వైపు ఎవరూ లేరండి," అన్నాడు ఆనంద్. అని ఫారం మీదికి వంగి కూతురి పేరూ వయసూ రాయడం మొదలుపెట్టాడు. కుడిచేత్తో రాస్తున్నాడు. ఎడంచెయ్యి తొడ కింద పెట్టుకుని దానిమీద కూర్చున్నాడు.

భాగ్యవతి ఆ చెయ్యినే చూస్తోంది. పదో తరగతి పరీక్షలప్పుడూ ఇలాగే కూర్చున్నాడు. పెళ్ళిలో రిజిస్టరు మీద సంతకం పెట్టేటప్పుడూ ఆ చెయ్యి పంచె మడతలో దాచాడు. కొట్లో పద్దు రాసేటప్పుడు కూడా అంతే. అది కూర్చునే తీరు అనుకున్నారంతా. కన్నతల్లి మాత్రం అనుకోలేదు.

"ఉండేదమ్మా," అంది భాగ్యవతి.

ముగ్గురూ ఆమె కేసి తిరిగారు.

"అమ్మా, ఊరుకో," అన్నాడు ఆనంద్. మెల్లగానే అన్నాడు గానీ మొహంలో రక్తం లేదు.

"ముప్ఫై యేళ్ళు ఊరుకున్నాన్రా." డాక్టరుతో చెప్పింది. "ఈడికే ఉండేదమ్మా. అచ్చం ఇలగే. ఒక సెయ్యి తిప్పితే రెండోదీ తిరిగీది. అన్నం ఒలకబోసీవోడు, పలకలు పగలగొట్టీవోడు. ఆళ్ళ నాన్న కొడతారని నేను కప్పెట్టీదాన్ని. ఈడు బోణీ పొట్లం కట్టాల్సినప్పుడు, తెల్లారగట్ల లేపి, ఎడంచేతి నాలుగు యేళ్ళూ కలిపి దారం సుట్టి నెల్లాళ్ళు నేర్పినాను. ఆ రోజుకి ఎలగో గట్టెక్కినాడు. అదే మందనుకున్నాను నేను." ఊపిరి తీసుకుంది. "మొన్న ఈ గుంటకి, నా మనవరాలికి కూడా అదే సేసినాను. ఆ యేలు నల్లబడింది నా వల్లేనమ్మా. మా ఇంటాయన కాదు."

ఝాన్సీ కుర్చీ వెనక్కి జరిపి అత్తగారి కేసి తిరిగింది.

డాక్టరు కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది భాగ్యవతికి. "ఇంకో గంట ఉండి ఉంటే వేలికి ప్రమాదమయ్యేదమ్మా," అంది ఆవిడ నిదానంగా. "కట్టేస్తే చెయ్యి ఆగుతుంది గానీ మెదడు నేర్చుకోదు. ఇంకెప్పుడూ కట్టకండి." ఆనంద్ కేసి తిరిగింది. "మీకిష్టమైతేనే. ఒక్కసారి కుడిచేత్తో ఇలా తాకించండి. రెండో చెయ్యి బల్లమీద పెట్టండి."

అతను పెన్ను కింద పెట్టాడు. ఆఖరికి తొడ కింద నుంచి చెయ్యి తీసి బల్లమీద పెట్టాడు. కుడిచేతి వేళ్ళు తాకించాడు. ఎడంచేతి చూపుడువేలు కొద్దిగా, చాలా కొద్దిగా, లేచి పడింది. మళ్ళీ లేచి పడింది.

ఝాన్సీ ఆ వేలునే చూస్తూ ఉండిపోయింది. పన్నెండేళ్ళ కాపురం.

"మీకు తెలుసా?" అంది భర్తతో.

అతను ఎడంచెయ్యి మళ్ళీ దాచుకున్నాడు. జవాబు అదే.

* * *

వరండాలో సిస్టరు దగ్గర సింధూరి బొమ్మ వేస్తోంది. పెద్దవాళ్ళు ముగ్గురూ కొంచెం దూరంగా, మందుల కొట్టు పక్కన నిలబడ్డారు. 

"అమ్మీ," అంది భాగ్యవతి. "తప్పయిపోనాది. నా కళ్ళముందే నిన్ను అన్ని మాటలంటంటే..."

"దారం సంగతి వదిలెయ్యండి అత్తయ్యా." ఝాన్సీ గొంతు వణకడం లేదు. అదే భయంగా ఉంది. "పాప గురించి భయపడి చేశారు. అది నేను మర్చిపోగలను. నాలుగేళ్ళ పాటు మావయ్యగారు మా తమ్ముణ్ణి, మా అమ్మనీ నాన్ననీ అంటుంటే, మీరు పక్కనే నిలబడి వడ్డించారు. మీ అబ్బాయి పక్కనే కూర్చుని తిన్నారు. నేను మా తమ్ముణ్ణి ఒకసారి అడిగానండి. ఒరే సాయీ, నీకేమైనా జబ్బుందా, దాచకుండా చెప్పు, నా కూతురికొచ్చింది అని. వాడు నవ్వలేదు, తిట్టలేదు. పండక్కి మా ఇంటికి రావడం మానేశాడు."

"ఝాన్సీ, నేను..." అన్నాడు ఆనంద్.

"మీరు తరవాత." ఆమె అతనికేసి చూడనైనా లేదు. "అత్తయ్యా, ఇందాక డాక్టరు గదిలో చెప్పారు. బాగుంది. ఆవిడ మనకేమీ కాదు, చెప్పడం తేలిక. ఈ మాటే మావయ్యగారితో చెప్తారా?"

భాగ్యవతి నలభై రెండేళ్ళ కాపురంలో ఆయన మాటకి ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. మీ కొడుకు మీరనుకున్నట్టు కాదు అని ఆ మనిషితో ఎలా చెప్పడం? చెప్పకపోతే, కోడలు బ్యాగు తీసుకుని బస్సెక్కుతుంది. ఎక్కితే మళ్ళీ తిరిగి రాదు. అది ఆమె మొహంలోనే తెలుస్తోంది.

ఆనంద్ ఫోను మోగింది. తండ్రి. చేతిలో ఫైలూ కాగితాలూ ఉన్నాయేమో, ఫోను కిటికీ గట్టు మీద పెట్టి స్పీకరు నొక్కాడు.

"ఏటన్నాదిరా డాక్టరమ్మ?" నగరేశ్వరరావు గొంతు. వెనక కొట్లో ఎవరో వాము అడుగుతున్నారు.

"ఇంకా రెండుసార్లు రమ్మన్నారు నాన్నా. ఫారాలిచ్చారు."

"ఫారాలు సంగతి కాదెహే. ఎవులెంపు నుంచి వచ్చిందన్నాది? మన నుంచా, గరివిడోళ్ళ నుంచా?"

ఆనంద్ భార్య కేసి చూశాడు. తల్లి కేసి చూశాడు. నోరు తెరిచాడు. "అదేం... అవన్నీ చెప్పలేదు నాన్నా."

ఝాన్సీ చిన్నగా నవ్వింది. ఆ నవ్వు చూసి భాగ్యవతి ఇక ఆగలేకపోయింది. కొడుకుని పక్కకి జరిపి ఫోను చేతిలోకి తీసుకుంది.

"నేనండి," అంది. "మనెంపే. ఆళ్ళెంపు కాదు. మన ఆనందుకి సిన్నప్పుడు ఇలగే ఉండీది. మీకు తెలవకుండా నేను దాసినాను. ఆడి యేళ్ళకి దారం సుట్టి మీ ముందు కూకోబెట్టినాను. మొన్న గుంటకి సుట్టింది కూడా నేనే. మీరు తక్కెడ ముట్టుకుని పెమాణం సేస్తంటే నోరు మూసుకున్నాను."

అవతల వాము అడిగిన గొంతు మళ్ళీ అడిగింది. కొట్టు ముందు నుంచి లారీ ఏదో వెళ్ళింది. భాగ్యవతి కళ్ళు మూసుకుంది. కేకలేస్తాడు. ఫోను విసిరికొడతాడు. ఇంటికి రావొద్దంటాడు.

"దారం సంగతి నాకు మొన్నే తెలుసే," అన్నాడు నగరేశ్వరరావు. గొంతు ఎంత తగ్గించాడంటే, ఆమె ఎప్పుడూ వినని గొంతులా ఉంది. "సెత్తబుట్టలో ముక్క సూసినాను. ఆ ముడి నీది. నలభై యేళ్ళు సూడలేదేటి నీ ముడి? ఇంటి ఆడదాని పేరు బయట పెట్టడం ఎందుకని నేనే పడ్డాను."

భాగ్యవతికి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. మూడు రోజుల హోటలు ఇడ్లీలు. షుగరు మనిషి. ఎంత పిచ్చిమాలోకం నేను, అనుకుంది.

"మరి ఆనందు సంగతి..." అంది.

"అదీ తెలుసు. ఆడి బోణీ నాడు యేళ్ళ మీద గీతలు కనబడలేదనుకున్నావా? కొట్లో నా పక్కన పదేను యేళ్ళ నుంచి కూకుంటన్నాడు, సెయ్యి కింద ఎట్టుకుని. నాకు కళ్ళు లేవేటి?"

"తెలిసి, మరి ఆ గరివిడోళ్ళని ఎందుకండీ అన్ని మాటలు..."

"మరేటి సెయ్యమంటావు?" ఇప్పుడు గొంతు లేచింది. "రేపు ఈ కొట్టు మీద కూకునీవోడు ఆడు. ఆడిలో లోపం ఉన్నాదని ఊరికి తెలవాలా? ఎవులో ఒకలెంపు తోసెయ్యాలి కదా. ఆళ్ళు ఆడపిల్లనిచ్చుకున్నోళ్ళు, పడతారు. సరే, అయిందేదో అయ్యింది. డాక్టరమ్మకి సెప్తే సెప్పినావు. కోడలు పిల్లకి మాత్రం తెలవనీకు. తెలిస్తే నెత్తినెక్కి కూకుంటాది. ఇనబడిందేటి?"

భాగ్యవతి చేతిలోని ఫోను స్పీకరు ఇంకా ఎవరూ ఆపలేదు. కొడుకు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఝాన్సీలక్ష్మి ఒక అడుగు ముందుకి వేసింది. అత్తగారి చేతిలోని ఫోను దగ్గరికి వంగింది.

"ఇనబడింది మావయ్యా," అంది.